డ్రైవింగ్ లైసెన్సు: కాగితపు పుస్తకం నుంచి క్యూఆర్ కోడ్ దాకా

మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా 1980లలోనో, 1990ల తొలి సంవత్సరాలలోనో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్సు ఉంటే దానిని ఒకసారి చేతిలోకి తీసుకొని పరిశీలించండి. అది కార్డు కాదు, చిన్న పుస్తకం. లోపల చేత్తో రాసిన పేరు, తండ్రి పేరు, చిరునామా ఉంటాయి. ఒక పక్క అంటించిన నలుపు తెలుపు ఫొటో ఉంటుంది. దాని మీద సగం, కాగితం మీద సగం పడేలా వేసిన కార్యాలయపు గుండ్రని ముద్ర కనిపిస్తుంది. వెనుక పేజీలలో రెన్యువల్ చేసిన తేదీలు, అధికారుల పొడి సంతకాలు ఉంటాయి. ఇప్పుడు మీ జేబులోని కార్డును దాని పక్కన పెట్టండి. రెండూ చెప్పే విషయం ఒక్కటే: ఈ వ్యక్తికి ఈ రకం బండి నడిపే అర్హత ఉంది. అయినా ఆ మాటను నమ్మించే పద్ధతి పూర్తిగా మారిపోయింది.

ఒక పత్రం రూపం ఎందుకు మారిందో తెలుసుకోవాలంటే, దానిని జారీచేసిన ప్రభుత్వం ఏ కాలంలో దేనికి భయపడిందో, ఎవరిని అనుమానించిందో అడగాలి. ఈ పాఠంలో మనం భారతదేశపు డ్రైవింగ్ లైసెన్సును ఆ ప్రశ్నతో చదువుదాం. శాసనాలను, నాణేలను చదివినట్టే దీనినీ చదవవచ్చు.

పరీక్ష లేని అనుమతి

మోటారు వాహనాలు వచ్చిన తొలి రోజులలో లైసెన్సు అంటే నైపుణ్యానికి ధ్రువపత్రం అన్న అభిప్రాయం అన్ని దేశాలలోనూ లేదు. 1893 ఆగస్టు 14న పారిస్ పోలీసు శాఖ ఒక ఉత్తర్వు ద్వారా వాహనం నడిపేవారు యోగ్యతాపత్రం పొందాలని నిర్దేశించింది. బ్రిటన్ మరో దారిలో నడిచింది. అక్కడి 1903 మోటారు కార్ చట్టం ప్రకారం 1904 జనవరి 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. అయితే ఐదు షిల్లింగులు చెల్లిస్తే స్థానిక కౌన్సిల్ దానిని ఇచ్చేది, పరీక్ష ఏమీ లేదు. తప్పు చేసిన డ్రైవరు ఎవరో గుర్తుపట్టడమే దాని ప్రయోజనం. డ్రైవింగ్ పరీక్ష అక్కడ తప్పనిసరి కావడానికి 1935 దాకా ఆగవలసి వచ్చింది.

మన దేశంలో మొదట ప్రెసిడెన్సీలు, ప్రావిన్సులు తమ తమ చట్టాలు చేసుకున్నాయి. వాటి స్థానంలో బ్రిటిష్ ఇండియా మొత్తానికి వర్తించేలా 1914లో ఇండియన్ మోటార్ వెహికల్స్ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా బహిరంగ ప్రదేశంలో మోటారు బండి నడపరాదని, పద్దెనిమిదేళ్లు నిండనివారు నడపరాదని ఆ చట్టం చెప్పింది. మిగిలిన వివరాలను ఎక్కువగా ప్రాంతీయ ప్రభుత్వాల నియమాలకు వదిలిపెట్టింది. అందువల్ల లైసెన్సు ఎలా ఉండాలన్న విషయంలో దేశవ్యాప్తంగా ఏకరూపత రాలేదు. కార్లే కొద్దిగా ఉన్న కాలం కనుక అది పెద్ద సమస్యగానూ కనిపించలేదు. జిల్లా కేంద్రంలో ఎవరి కారు ఏదో, దాని డ్రైవరు ఎవరో పోలీసులకు ముఖపరిచయమే.

ఫొటో ఎవరికి?

బస్సులు, లారీలు పెరిగిన తరువాత ఈ ముఖపరిచయం సరిపోలేదు. పాత చట్టం స్థానంలో 1939 మోటార్ వెహికల్స్ చట్టం వచ్చింది. లైసెన్సుకు దేశమంతటా ఒకే నమూనాను నిర్దేశించింది ఈ చట్టమే. మొదటి షెడ్యూలులోని ఫారం డి ఆ నమూనా. అభ్యర్థి నడపగలడో లేడో పరీక్షించాలని కూడా ఈ చట్టం నిర్దేశించింది. ఇది బ్రిటిష్ ఇండియాకు వర్తించే చట్టం కనుక కోస్తా, రాయలసీమ జిల్లాలు దీని పరిధిలోకి వచ్చాయి. నిజాం పాలనలోని ప్రాంతం రాలేదు.

ఈ ఫారంలో ఇప్పటి పాఠకుడిని ఆశ్చర్యపరిచే విషయం ఒకటి ఉంది. ప్రతి లైసెన్సు మీద దరఖాస్తుదారుని సంతకం గానీ వేలిముద్ర గానీ ఉండాలి. ఫొటో మాత్రం అందరికీ కాదు. జీతానికి బండి నడిపేవాడు, బస్సు, లారీ వంటి రవాణా వాహనం నడిపేవాడు తన ఫొటో ప్రతులు మూడు సమర్పించాలి. వాటిలో ఒకటి లైసెన్సు మీద అంటిస్తారు. తన కారు తానే నడుపుకొనే యజమానికి ఈ నిబంధన లేదు.

దీనికి పాలనాపరమైన కారణం లేకపోలేదు. జీతపు డ్రైవరు ఒక యజమాని దగ్గర మానేసి మరో ఊరిలో మరో యజమాని దగ్గర చేరతాడు. బస్సు డ్రైవరు చేతిలో పదుల సంఖ్యలో ప్రాణాలు ఉంటాయి. ఒకరి లైసెన్సుతో మరొకరు పని చేసే అవకాశం ఉన్నది ఇక్కడే. కానీ కారణం ఎంత సమంజసంగా ఉన్నా, అందులోని సామాజిక దృష్టిని చరిత్ర విద్యార్థి గమనించాలి. యజమాని మాటే అతని గుర్తింపు. పనివాడు తన ముఖాన్ని కాగితం మీద చూపించాలి. వేగంగా నడిపి మనిషిని గుద్దడానికి ఇద్దరికీ సమానంగా అవకాశం ఉంది, అనుమానం మాత్రం ఒకరి మీదే.

బ్రిటన్‌తో పోల్చి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. గ్రేట్ బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్సు మీద ఫొటో వచ్చింది 1998లో. అంటే తన పౌరుల ముఖాన్ని లైసెన్సు మీద అడగడానికి ఎంతో కాలం సందేహించిన దేశం, తన పాలనలోని దేశంలో జీతపు డ్రైవర్ల ముఖాన్ని 59 ఏళ్లు ముందుగానే అడిగింది.

వేలిముద్ర సంగతి కూడా ఇలాంటిదే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద ఎదుటి వ్యక్తి అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. నేరస్థుల గుర్తింపులోనూ, రిజిస్ట్రేషన్ దస్తావేజులలోనూ వాడిన ఈ పద్ధతి 1939 నాటికి లైసెన్సు ఫారంలో సహజంగా చేరిపోయింది. ఇక్కడ దానికి మరో కోణం ఉంది. చదువు రాని మనిషి కూడా బండి నడపవచ్చు, నిశాని వేసి లైసెన్సు పొందవచ్చు అని ఆ గడి ఒప్పుకుంటున్నది. స్వతంత్ర భారతం ఒక దశలో దీనికి భిన్నంగా పోయి, రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమం పెట్టింది. 2019లో ఆ నియమాన్ని తొలగించింది. గ్రామీణ ప్రాంతంలో చక్కగా లారీ నడపగలిగీ బడి సర్టిఫికెట్ లేక ఆగిపోయినవారికి ఈ గడి విలువ బాగా తెలుసు.

ఫొటో విషయంలో యజమానికీ పనివాడికీ మధ్య ఉన్న భేదం 1988 మోటార్ వెహికల్స్ చట్టం, 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు అమలులోకి వచ్చేనాటికి కనిపించదు. దరఖాస్తు చేసే ప్రతివారూ పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఇవ్వాలి. రవాణా వాహనాల డ్రైవర్లకు బ్యాడ్జి, యూనిఫారం వంటివాటిని నిర్దేశించే అధికారం మాత్రం రాష్ట్రాలకు ఉండిపోయింది.

పుస్తకం బలం, బలహీనత

1989 నియమాలలోని ఫారం 6 పుస్తక రూపంలో ఉన్న లైసెన్సు. దాని భద్రత అంతా మూడు విషయాల మీద ఆధారపడింది: అధికారి చేతిరాత, సంతకం, రబ్బరు ముద్ర. ఫొటో మీద సగం, కాగితం మీద సగం ముద్ర వేయడం చాలా తెలివైన ఏర్పాటు. ఫొటో ఊడదీసి మరొకటి అంటిస్తే ముద్ర గీతలు కలవవు. ఖర్చు లేని భద్రతా లక్షణం అది. తనిఖీ చేసే కానిస్టేబులుకు యంత్రం అవసరం లేదు, కంటిచూపు చాలు.

కానీ రబ్బరు ముద్ర ఏ పట్నంలోనైనా తయారవుతుంది. సంతకం చేసిన అధికారి బదిలీ అయి వెళ్లిన తరువాత అది ఆయనదేనని ఎవరు చెప్పాలి? ఒక జిల్లాలో జారీ అయిన లైసెన్సును మరో జిల్లాలో సరిచూడాలంటే ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూడాలి. లైసెన్సు రద్దయిన డ్రైవరు మరో కార్యాలయానికి వెళ్లి కొత్తగా దరఖాస్తు చేస్తే ఆ కార్యాలయానికి పాత సంగతి తెలిసే మార్గం లేదు. ఒక వ్యక్తి ఒకటికి మించి లైసెన్సులు కలిగి ఉండరాదని చట్టం చెప్పింది. దానిని అమలుచేసే ఉమ్మడి రిజిస్టరు మాత్రం లేదు.

ఇక రెన్యువల్ పేజీల విషయం. దొంగ లైసెన్సు ఉన్న వ్యక్తి దానిని నిజమైన కార్యాలయానికి తీసుకువెళ్లి రెన్యువల్ చేయించుకుంటే ఏమవుతుంది? పుస్తకం దొంగదే, చివరి పేజీలోని ముద్ర మాత్రం అసలైనది. ఇలాంటి సందర్భం ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూ ఇండియా అష్యూరెన్స్ కంపెనీకీ కమలకూ మధ్య నడిచిన కేసులో 2001లో కోర్టు తీర్పు చెబుతూ, పుట్టుకతోనే నకిలీ అయిన లైసెన్సు రెన్యువల్ చేసినంత మాత్రాన అసలైనది కాజాలదని స్పష్టం చేసింది.

ఇవి కేవలం కాగితానికి సంబంధించిన వివాదాలు కావు. లారీ గుద్ది ఇంటి పెద్ద చనిపోయాడనుకోండి. డ్రైవరు లైసెన్సు నకిలీదని తేలితే బీమా సంస్థ మేము చెల్లించం అంటుంది. లారీ యజమాని ఆ లైసెన్సు చూసే పనిలో పెట్టుకున్నాను, అది నకిలీదని నాకెలా తెలుస్తుంది అంటాడు. మధ్యలో ఆ కుటుంబం మిగులుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీకీ స్వరణ్ సింగ్‌కూ మధ్య జరిగిన కేసులో 2004లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ చిక్కును వివరంగా పరిశీలించింది. లైసెన్సు నకిలీదని చూపించినంత మాత్రాన బీమా సంస్థ తప్పించుకోలేదు. యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని, తెలిసీ నియమం ఉల్లంఘించాడని కూడా అదే నిరూపించాలి. అవసరమైతే బాధితులకు ముందు చెల్లించి, తరువాత యజమాని నుంచి వసూలు చేసుకోవాలి. ఈ తీర్పులో న్యాయస్థానం పరోక్షంగా అంగీకరించిన సత్యం ఒకటుంది: ఆ పుస్తకాన్ని చూసి అసలుదో నకిలీదో సామాన్యుడు చెప్పలేడు.

కార్డు, చిప్పు

1989 నియమాలలోనే తరువాతి దశకు బీజం ఉంది. పదహారో నియమం ప్రకారం లైసెన్సు ఫారం 6లో ఇవ్వాలి. తగిన యంత్రసామగ్రి ఉన్న కార్యాలయం మాత్రం ఫారం 7లో, అంటే లామినేటెడ్ కార్డు గానో స్మార్ట్ కార్డు గానో ఇవ్వవచ్చు. అందువల్ల చాలాకాలం దేశంలో పుస్తకం, లామినేటెడ్ కార్డు, చిప్పు కార్డు మూడూ చెల్లుబాటులో ఉన్నాయి. పక్క పక్క రాష్ట్రాల కార్డులకు కూడా రంగులో, అమరికలో పోలిక ఉండేది కాదు. తమిళనాడు చెక్‌పోస్టులోని ఉద్యోగికి తెలుగు ప్రాంతపు కార్డు అసలైనదిగా ఎలా ఉండాలో తెలియనప్పుడు నకిలీని పట్టుకోవడం ఎలా సాధ్యం? వైవిధ్యమే మోసగాడికి రక్షణ అయింది.

కార్డుతో వచ్చిన పెద్ద మార్పు ఫొటో అంటించడం ఆగిపోవడం. ముఖం, అక్షరాలు ఒకేసారి కార్డు ఉపరితలం మీద ముద్రితమయ్యాయి. ఊడదీయడానికి విడి ఫొటో లేదు. దీనికి మరో పరిణామం కూడా తోడయింది. 1939 చట్టం కింద లైసెన్సును తరచుగా రెన్యువల్ చేయించుకోవలసి వచ్చేది. 1988 చట్టం, దాని 1994 సవరణల తరువాత సొంత వాహనాల లైసెన్సు ఇరవై ఏళ్లు లేదా యాభై ఏళ్ల వయసు వచ్చేవరకు, ఏది ముందైతే అంతవరకు చెల్లింది. ప్రజలకు సౌకర్యమే. కానీ ఇరవై ఏళ్ల యువకుడి ఫొటో ముప్పైతొమ్మిదేళ్ల మనిషిని ఎంతవరకు గుర్తుపట్టిస్తుంది? బట్టతల వచ్చిన మనిషి తన పాత లైసెన్సు చూపించి నవ్వులపాలైన సందర్భాలు మీకూ తెలిసే ఉంటాయి. 2019 సవరణ చట్టం ఈ గడువులను మార్చింది. ముప్పై ఏళ్లలోపు తీసుకుంటే నలభై ఏళ్లు వచ్చేదాకా, ముప్పై నుంచి యాభై మధ్య అయితే పదేళ్లు, యాభై అయిదు దాటితే ఐదేళ్ల చొప్పున చెల్లుతుంది. రవాణా వాహనాలకు మూడేళ్ల గడువును ఐదేళ్లు చేసింది.

స్మార్ట్ కార్డులోని చిప్పు మరో ఆలోచన. పైన ముద్రించిన వివరాలు లోపల ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటాయి. పైభాగాన్ని మార్చినా లోపలి సమాచారం మారదు, రెండూ పోల్చితే మోసం బయటపడుతుంది. రాష్ట్రానికొక రకం చిప్పు వస్తే ఒకరిది మరొకరు చదవలేరు కనుక, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, ఐ.ఐ.టి. కాన్పూర్ కలిసి స్కోస్టా అనే ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించాయి. సాంకేతికంగా మంచి ప్రయత్నం. అయితే చిప్పును చదవాలంటే పరికరం కావాలి, అది అన్ని చౌరస్తాలకూ చేరలేదు. ఎంతోమంది విషయంలో తనిఖీ పాత పద్ధతిలోనే, కార్డు పైభాగం చూసి, జరిగింది. చూసేవాడి చేతిలో లేని భద్రత ఉన్నా లేనట్టే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఒకే నమూనా

2019 మార్చి 1న కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ఫారం 7ను మారుస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. అది అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటా కార్డు అమరిక ఒకే విధంగా ఉండాలి, దాని మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. చిప్పు ఉన్న కార్డు ఇవ్వాలో, లేని కార్డు ఇవ్వాలో ఎంచుకోవచ్చు. చిప్పు మీద పెట్టుకున్న ఆశ కొంత తగ్గిందనడానికి ఈ వెసులుబాటే నిదర్శనం. అత్యవసర ఫోను నంబరుకూ, అవయవదాన సమ్మతికీ కూడా ఈ నమూనాలో చోటు దొరికింది. ప్రమాదంలో స్పృహ తప్పిన మనిషి జేబులో దొరికే మొదటి వస్తువు లైసెన్సే కావచ్చుననే ఎరుక అందులో ఉంది.

కార్డు మీది భద్రతా లక్షణాలను ఒకసారి చూద్దాం. నేపథ్యంలో అల్లిబిల్లిగా సాగే సన్నని వక్రరేఖలను గియోషే అంటారు. కరెన్సీ నోట్ల మీద ఇవి మీకు పరిచితమే. జిరాక్సు తీస్తే ఆ రేఖలు కలిసిపోయి మసకబారతాయి. మామూలు కంటికి గీతలా కనిపించేది భూతద్దంలో చూస్తే అక్షరాలై ఉంటుంది, అది సూక్ష్మముద్రణ. అతినీలలోహిత కాంతిలో మాత్రమే వెలిగే సిరా ఒకటి. వంచి చూస్తే రంగులు మారే హోలోగ్రాం మరొకటి. వీటిలో హోలోగ్రాం కంటికి అందుతుంది, సూక్ష్మముద్రణకు భూతద్దం కావాలి, సిరాకు ప్రత్యేకమైన దీపం కావాలి. రోడ్డు మీద, వానలో, హెల్మెట్ తీసి పక్కన పెట్టిన మనిషి ముందు ఇవన్నీ చూసే తీరిక ఎవరికుంటుంది? క్యూఆర్ కోడ్ చేసిన మేలు ఇక్కడ ఉంది. దానిని చదవడానికి మామూలు ఫోను చాలు.

నంబరు కూడా ఒక చారిత్రక ఆధారమే. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రం, తరువాతి రెండంకెలు జారీచేసిన కార్యాలయం, ఆపై నాలుగంకెల సంవత్సరం, చివర ఏడంకెల వరుస సంఖ్య. తెలుగువారి విషయంలో ఈ మొదటి రెండు అక్షరాలే ఒక కథ చెబుతాయి. 2014 జూన్ 2కు ముందు ఖైరతాబాదులోనో, వరంగల్‌లోనో లైసెన్సు తీసుకున్నవారి కార్డు మీద ఆంధ్రప్రదేశ్‌ను సూచించే ఏపీ ఉంటుంది. తెలంగాణ ఏర్పడిన తరువాత టీఎస్ వచ్చింది. 2024 మార్చిలో రాష్ట్రపు వాహన కోడ్ టీజీగా మారింది. ఒకే ఇంట్లో తాత, తండ్రి, కూతురు ఎన్నడూ ఇల్లు మారకుండానే వేరు వేరు కోడ్‌ల లైసెన్సులు కలిగి ఉండవచ్చు. రాష్ట్ర విభజన గురించి పాఠ్యపుస్తకంలో చదివిన దానికి ఇది జేబులో దొరికే సాక్ష్యం.

రిజిస్టరుదే రాజ్యం

క్యూఆర్ కోడ్ దానికదిగా భద్రత కాదు. దానిని ఎవరైనా ఫొటో తీసి మరో కార్డు మీద ముద్రించవచ్చు. అది చూపించే వివరాలను కేంద్రీకృత రిజిస్టరుతో పోల్చినప్పుడే దానికి అర్థం. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన సారథి అనే వ్యవస్థ లైసెన్సుల వివరాలను ఒకచోటికి చేర్చింది. 2019 సవరణ చట్టం జాతీయ లైసెన్సుల రిజిస్టరుకు చట్టబద్ధత కల్పించింది. ఇంతకుముందు పుస్తకమే అసలు ప్రతి, కార్యాలయపు రిజిస్టరు దానికి నకలులాంటిది. ఇప్పుడు రిజిస్టరు అసలు, కార్డు దానికి నకలు. 2018 నవంబరులో నియమాలను సవరించి, డిజిలాకర్ వంటి మార్గాలలో ఫోనులో చూపించే పత్రాన్ని కూడా అంగీకరించడంతో ఈ మార్పు ఒక కొలిక్కి వచ్చింది. కార్డు ఇంట్లో మరచిపోయినా మనిషి లైసెన్సు లేనివాడు కాడు.

దీనివల్ల నకిలీ కార్డు తయారుచేయడం దండగ పని అయింది. రిజిస్టరులో లేని నంబరు రెండు నిమిషాలలో దొరికిపోతుంది. అయితే మోసం చోటు మార్చుకుంది. పరీక్ష సరిగ్గా పెట్టకుండానే ఒక పేరు రిజిస్టరులోకి ఎక్కితే, దాని మీద వచ్చే కార్డు అన్ని విధాలా అసలైనదే. గియోషే రేఖలు అసలైనవే, హోలోగ్రాం అసలైనదే, క్యూఆర్ కోడ్ సరైన పేజీనే చూపిస్తుంది. అబద్ధం ఒక్క విషయంలోనే ఉంటుంది: ఆ మనిషికి బండి నడపడం రాదు. దీనిని పట్టుకునే సిరా ఇంకా తయారు కాలేదు.

రిజిస్టరు శక్తి మరో దేశంలో మరో విధంగా తెలుగువారికి అనుభవమవుతున్నది. అమెరికాలో 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం, తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి పరిమిత కాలపు లైసెన్సు ఇస్తారు. చదువుకో, ఉద్యోగానికో వెళ్లినవారి లైసెన్సు గడువు వారి అనుమతి పత్రాల గడువుతో ముడిపడి ఉంటుంది. కారు ఎంత బాగా నడిపినా వీసా కాగితం ఆలస్యమైతే లైసెన్సు కూడా ఆగుతుంది. అక్కడ లైసెన్సు కేవలం డ్రైవింగుకు సంబంధించినది కాదు, ఆ మనిషి ఆ దేశంలో ఉండవచ్చునా అన్న ప్రశ్నకు కూడా జవాబు.

అలా విదేశం వెళ్లేవారు ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటారు. దానికి ఏడాది గడువు. 1949 జెనీవా ఒప్పందం నిర్దేశించిన నమూనా కనుక అది ఈనాటికీ కార్డు కాదు, కాగితపు పుస్తకమే. లోపల పేజీలు, ఫొటో, కార్యాలయపు ముద్ర, తాతగారి లైసెన్సులాగానే ఉంటుంది. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ పుస్తకానికి కూడా ఒకే పరిమాణం, ఒకే రంగు నిర్ణయించి, దానిని అసలు లైసెన్సుతో కలిపే క్యూఆర్ కోడ్‌ను చేర్చింది.